ఆరోగ్యంగా కనిపించే పిల్లికి ఏటా వైద్య పరీక్ష ఎందుకు

తెలుగు ఇళ్లలో పెంపుడు పిల్లిని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే సందర్భాలు సాధారణంగా రెండే. కూనగా ఉన్నప్పుడు టీకాలకో, ఆ తర్వాత పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కో తీసుకెళ్లడం ఒకటి. మూడు రోజులుగా ముద్ద ముట్టకుండా మంచం కింద నక్కి ఉన్నప్పుడు ఆదరాబాదరాగా ఎత్తుకెళ్లడం రెండోది. ఈ రెండింటి నడుమ ఆరేడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. తింటోంది, తిరుగుతోంది, బల్లిని చూస్తే దూకుతోంది, ఇక డాక్టరుతో పనేముందన్నది చాలామంది ధోరణి. కుక్క విషయంలో అదే యజమాని ఇంత నిబ్బరంగా ఉండడు. దానికి ఏటా రేబిస్ టీకా వేయించాలన్న ఎరుక ఉంది, నగరాల్లోనైతే లైసెన్సు కోసం టీకా కాగితం చూపించాల్సి వస్తుంది. పిల్లికి ఆ ఒత్తిడి ఏదీ లేదు. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో కోళ్లు, బాతుల వంటివి కాక లెక్కించదలచిన 15 రకాల జంతువుల్లో కుక్క ఉంది, కుందేలు ఉంది, ఏనుగు కూడా ఉంది, పిల్లి మాత్రం లేదు. నట్టింట్లో తిరుగుతూ కూడా లెక్కలోకి రాని ఈ జంతువుకు, ఏ జబ్బూ కనిపించని రోజున చేయించే పరీక్షే ఎక్కువ మేలు చేస్తుంది. అందుకు కారణం పిల్లి స్వభావంలోనే ఉంది.

పెంపుడు పిల్లి ఆఫ్రికా అడవిపిల్లి సంతతి. ఆ అడవిపిల్లి ఒంటరిగా వేటాడి ఒంటరిగా బతికే జంతువు. ఎలుకలకూ పిట్టలకూ అది మృత్యువే అయినా, తనకన్నా పెద్ద జంతువులకు తానే ఆహారం. మందలో బతికే జంతువు నొప్పిని బయటపెడితే తోటివాటి ఆసరా దొరకవచ్చు గానీ, ఒంటరి జంతువు బలహీనత బయటపడితే దానికి ప్రమాదమే తప్ప ప్రయోజనం ఉండదు. వేల ఏళ్లుగా మనిషి నీడన ఉంటున్నా పిల్లి ఈ అలవాటును వదులుకోలేదు. అందుకే అది నొప్పితో మూలగడం అరుదు. దానికి బదులు చిన్న చిన్న మార్పులు వస్తాయి. ఒక్క గెంతులో ఫ్రిజ్ మీదికి ఎక్కేది కాస్తా ముందు కుర్చీ, తర్వాత బల్ల, ఆ తర్వాత ఫ్రిజ్ అన్నట్టు మెట్లుమెట్లుగా ఎక్కుతుంది. నడుము వెనుక భాగాన్ని నాక్కోవడం తగ్గించడంతో అక్కడి బొచ్చు ఉండలు కడుతుంది. మలమూత్రాల కోసం పెట్టే ఇసుక పళ్లెం (లిట్టర్ ట్రే) గట్టు దాటలేక దాని పక్కనే పని కానిచ్చేస్తుంది. ఇంట్లోవాళ్లు మొదటిదాన్ని వయసు మీద పడిందనీ, చివరిదాన్ని పొగరనీ సరిపెట్టుకుంటారు. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలిస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల ఆనవాళ్లు కనిపించాయి. వయసు మీద పడిందని మనం వదిలేసేదానిలో చికిత్సకు లొంగే నొప్పి ఎంత ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఏడాదికోసారి జరిగే పరీక్షలో అన్నింటికన్నా చవకైనదీ, అన్నింటికన్నా విలువైనదీ తూకం. పిల్లి నాలుగు కిలోల జంతువు. అందులో 400 గ్రాములు తగ్గితే 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినంత. మనిషి అంత తగ్గితే బంధువులు గడపలోనే పసిగడతారు. పిల్లికి ఒంటినిండా బొచ్చు ఉండటం వల్ల, పైగా రోజూ చూసే కళ్లకు నెమ్మదిగా వచ్చే మార్పు ఆనదు కాబట్టి, పక్కన పడుకోబెట్టుకునేవారికి కూడా అది తెలియకపోవచ్చు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, మూత్రపిండాల జబ్బు, మధుమేహం, పేగుల జబ్బులు, పంటి నొప్పి, వీటన్నింటిలోనూ బరువు తగ్గడం తొలి సూచనల్లో ఒకటి. థైరాయిడ్ జబ్బులోనైతే పిల్లి మునుపటికన్నా ఎక్కువ తింటూ చిక్కిపోతుంది కాబట్టి, తింటోంది కదా అన్న ధీమా అక్కడ పూర్తిగా బెడిసికొడుతుంది. అయితే ఒక్కసారి తీసిన తూకానికి పెద్ద అర్థం లేదు. నిరుడు 4.6, ఈ ఏడాది 4.3, వచ్చే ఏడాది 4.0 అని వరుసగా ఒకే పుస్తకంలో ఉంటేనే అది మాట్లాడుతుంది. టీకా పుస్తకంలో ఎలాగూ బరువు రాసే చోటు ఉంటుంది, చాలా పుస్తకాల్లో అది ఖాళీగా ఉండిపోవడమే విచారకరం. బరువుతోపాటు 1 నుంచి 9 వరకు ఉండే శరీర స్థితి కొలతను కూడా వైద్యులు వాడతారు. అందులో 5 సరైన స్థితి. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, వేళ్లతో తడిమితే తేలికగా తగలాలన్నది దాని గుర్తు. ఆపరేషన్ అయి, అపార్ట్‌మెంట్‌లో గిన్నెనిండా ఎండు మేతతో పెరిగే పిల్లుల విషయంలో బరువు తగ్గడం కన్నా పెరగడమే ముందుగా తలెత్తే సమస్య కూడా కావచ్చు.

మూత్రపిండాల జబ్బును విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే వయసు మళ్లిన పిల్లుల్లో అది చాలా సాధారణం, చాపకింద నీరులా వస్తుంది. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం మామూలు హద్దును దాటేసరికి మూత్రపిండాల సామర్థ్యంలో దాదాపు ముప్పాతిక వంతు అప్పటికే పోయి ఉంటుంది. పోయినదాన్ని తిరిగి తెచ్చే మందు లేదు. ఎస్‌డీఎంఏ అనే మరో రక్తపరీక్ష ఇంకాస్త ముందుగానే హెచ్చరించగలదు. ముందుగా ఆచూకీ ఇవ్వగలిగిన మరొకటి మూత్రం. ఎడారి జంతువు సంతతి కావడం వల్ల ఆరోగ్యమైన పిల్లి మూత్రాన్ని బాగా చిక్కగా మార్చగలదు. ఆ చిక్కదనం తగ్గిందంటే ఎందుకన్నది వెతకాలి. ఇంట్లో దీనికి ఆనవాలు లిట్టర్ ట్రేలో కనిపిస్తుంది. ఇసుకలో కట్టే ఉండల పరిమాణం, సంఖ్య పెరుగుతాయి, నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది. నాలుగు కిలోల పిల్లి రోజుకు 200 మిల్లీలీటర్లకు మించి తాగడం మామూలు సంగతి కాదు. జబ్బు మొదట్లోనే తెలిస్తే తగిన ఆహారంతో, నీటి ఏర్పాటుతో, రక్తపోటు అదుపుతో ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. తిండి మానేసి వాంతులు మొదలయ్యాక తెలిస్తే సెలైన్ ఎక్కించడమే మిగులుతుంది. పర్షియన్ పిల్లులను పెంచేవారికి మరో జాగ్రత్త అవసరం. ఆ జాతిలో మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బు ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి సంక్రమించినా చాలు. ఏడాది వయసు వచ్చేసరికి స్కానింగ్‌లో అది చాలావరకు బయటపడుతుంది.

అనుభవమున్న వైద్యుడు పరీక్ష ఎలా మొదలుపెడతాడో గమనిస్తే కొన్ని సంగతులు బోధపడతాయి. పిల్లిని తెచ్చిన పెట్టె (క్యారియర్) మూత తీసి, దాన్ని లాగకుండా, దాని మానాన దాన్ని వదిలేసి యజమానితో మాటల్లో పడతాడు. ఆ మాటలు కాలక్షేపం కాదు, పరీక్షలో సగం. ఎన్ని ఉండలు, ఏ మేత, ఎక్కడికి ఎక్కగలుగుతోంది, ఎన్నిసార్లు వాంతి చేసుకుంటోంది అని అడుగుతూనే, పిల్లి నడకను, ఊపిరిని, చుట్టూ చూసే తీరును ఓ కంట కనిపెడతాడు. తర్వాత తూకం. ఆపైన కళ్లు, ముక్కు, చెవులు. చెవిలో కాఫీ పొడి లాంటి నల్లని మట్టి ఉంటే పురుగులున్నట్టు అనుమానిస్తాడు. నోరు తెరిచి చిగుళ్ల రంగు చూస్తాడు, బొటనవేలితో దవడ కింద నుంచి నాలుకను పైకి నెట్టి దాని అడుగున చూస్తాడు. కుట్టుమిషన్ దారమో, గాలిపటం మాంజా ముక్కో మింగిన పిల్లిలో ఆ దారం నాలుక మొదట్లో చుట్టుకుని, రెండో కొస పేగుల్లోకి దిగి ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో ఇది మరచిపోకూడని చూపు. పెద్ద పిల్లికి 30 పళ్లు. పిల్లుల్లో పన్ను తనంతట తాను వేరు దగ్గర కరిగిపోయే జబ్బు తరచుగా వస్తుంది, అది బాగా నొప్పి పెడుతుంది, అయినా పిల్లి ఒకవైపు నమిలి తింటూనే ఉంటుంది. మెడ దగ్గర వేళ్లతో జారుస్తూ థైరాయిడ్ కోసం, పొట్ట నొక్కి మూత్రపిండాల పరిమాణం కోసం, మూత్రాశయం కోసం తడుముతాడు. బొచ్చులోంచి రాలిన నల్లని నలుసులను తడి కాగితం మీద రుద్దితే ఎర్రటి మరక తేలితే, కళ్లకు కనిపించకపోయినా గోమార్లు ఉన్నట్టే.

గుండె వినడానికి వచ్చేసరికి ఓ చిక్కు ఉంది. కొన్ని పిల్లులు గుర్రుమంటూనే ఉంటాయి. అది సంతోషమే కానక్కర్లేదు, భయంలోనూ గుర్రుమంటాయి. ఆ శబ్దంలో స్టెతస్కోపుకు గుండె చప్పుడు అందదు. గదిలోని కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపించడం వైద్యులు వాడే పాత ఉపాయం, చాలా పిల్లులు ఆ చప్పుడుకు గుర్రు ఆపి చెవులు రిక్కిస్తాయి. క్లినిక్‌లో పిల్లి గుండె నిమిషానికి 140 నుంచి 220 దాకా కొట్టుకోవచ్చు కాబట్టి ఆ సంఖ్య ఒక్కటే పెద్దగా ఏమీ చెప్పదు. గుండె కండరం మందంగా మారే జబ్బున్న పిల్లిలో అసహజ శబ్దం వినిపించకపోవడమూ ఉంది. ఇక్కడ ఇంటి లెక్కే నమ్మదగింది. పిల్లి గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు ఎన్నిసార్లు పైకి లేస్తున్నాయో నిమిషం పాటు లెక్కపెడితే, అది 30కి లోపు ఉండాలి. తరచూ అంతకు మించుతుంటే తర్వాతి ఏడాది పరీక్ష కోసం ఆగకూడదు. అలాగే, క్లినిక్‌లో మూలకు ముడుచుకుపోయే పిల్లి నడక వైద్యుడికి కనిపించదు గనుక ఇంట్లో అది ఎక్కుతూ దిగుతూ ఉండగా ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో పరీక్ష గదిలో బాగా అక్కరకొస్తుంది.

రక్తపరీక్షల విషయంలో మాత్రం కొంత విచక్షణ కావాలి. ఇరవై ముప్పై అంశాలున్న ప్యాకేజీని ఏటా ప్రతి పిల్లికీ రాసే పద్ధతి పెద్ద నగరాల్లో పెరుగుతోంది. ఒక్కో అంశానికీ ల్యాబ్ చూపించే మామూలు హద్దులు, ఆరోగ్యంగా ఉన్న జంతువుల్లో 95 శాతం ఏ సంఖ్యల మధ్య ఉంటాయో చూసి గీసినవి. అంటే ఏ జబ్బూ లేని పిల్లికి 20 పరీక్షలు చేస్తే ఒకటి హద్దు దాటి కనిపించడం ఆశ్చర్యపడాల్సిన విషయం కాదు. ఆ ఒక్క అంకెను పట్టుకుని మళ్లీ రక్తం, మళ్లీ స్కానింగ్ అంటూ తిరగడం యజమాని జేబుకూ పిల్లికీ భారం. మూడేళ్ల చురుకైన పిల్లికి శ్రద్ధగా చేసిన శారీరక పరీక్ష, తూకం, మల పరీక్ష చాలావరకు సరిపోతాయి. ఒక్కసారైనా రక్తం, మూత్రం పరీక్షించి ఆ పిల్లి సొంత అంకెలేమిటో రాసిపెట్టుకోవడం మాత్రం మంచిది, పదేళ్లకు క్రియాటినిన్ 1.5 వస్తే అది దానికి ఎప్పటి నుంచో ఉన్నదా, కొత్తగా పెరిగిందా అన్నది ఆ కాగితమే తేలుస్తుంది. ఏడేళ్లు దాటాక రక్త, మూత్ర పరీక్షలకూ, రక్తపోటు కొలతకూ ప్రాధాన్యం పెరుగుతుంది. రక్తపోటును ఎవరూ అడగరు, చాలా చోట్ల కొలిచే పరికరమూ ఉండదు. అయితే మూత్రపిండాల జబ్బుతో వచ్చే అధిక రక్తపోటు కంటి వెనుక పొరను ఊడదీసి రాత్రికి రాత్రే చూపు పోగొట్టగలదు. ముందుగా తెలిస్తే రోజూ ఇచ్చే చిన్న మాత్రతో అదుపులో ఉంటుంది. పిల్లి జీవితంలో రెండో ఏడు దాటాక ఒక్కో ఏడాదీ మనిషికి దాదాపు నాలుగేళ్ల పెట్టని వైద్యులు అంటారు. అమెరికా పశువైద్య సంఘాల 2021 మార్గదర్శకాలు అన్ని వయసుల పిల్లులకూ కనీసం ఏడాదికోసారి, పదేళ్లు దాటినవాటికి కనీసం ఆరు నెలలకోసారి పరీక్ష అవసరమని చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ఈ అంకెలన్నీ నిజం చెప్పాలంటే పిల్లి ప్రశాంతంగా ఉండాలి. భయపడిన పిల్లి రక్తంలో చక్కెర మధుమేహం ఉన్నంతగా ఎగబాకగలదు, కాసేపటికి అదే దిగిపోతుంది. రక్తపోటుదీ అదే వరస, ఒంటి వేడిదీ అదే వరస. మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే వేడి, ఎండలో ఆటోలో వచ్చి కుక్కల మధ్య అరగంట కూర్చున్న పిల్లికి ఇంకా ఎక్కువ చూపిస్తుంది. అందుచేత ప్రయాణాన్ని సరిదిద్దడం వైద్య పరీక్షలో భాగమే. మన దగ్గర పిల్లిని గోనెసంచిలోనో, మూతి కట్టిన కూరగాయల సంచిలోనో తెచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇంటి బెడద వదిలించుకోవడానికి పిల్లిని ఊరవతల వదిలిపెట్టిన కాలపు పద్ధతి అది. సంచిలో గిలగిలలాడిన పిల్లి బయటపడగానే కరుస్తుంది, లేదా వీధిలోకి దూకి కనబడకుండా పోతుంది. పైమూత తెరుచుకునే గట్టి ప్లాస్టిక్ క్యారియర్ ఉత్తమం. దాన్ని అటక మీద దాచి ఏడాదికోసారి దించితే పిల్లి దాని చప్పుడుకే మాయమవుతుంది. ఎప్పుడూ తలుపు తీసి హాల్లో ఓ మూల ఉంచి, అందులో పాత తువ్వాలు పరిచి, అప్పుడప్పుడు నాలుగు మేత గింజలు వేస్తుంటే కొన్ని వారాల్లో అది దాని పడక అవుతుంది. ఆటోలో క్యారియర్‌ను ఒడిలో అడ్డంగా, కుదుపు లేకుండా పట్టుకోవాలి. కారులో ముందు సీటు వెనుక కింద పెడితే కదలదు. బైక్ మీద ముందు పెట్టుకుని వెళ్లడం అలవాటే అయినా గొళ్లెం ఊడితే ఏమవుతుందో ఆలోచించుకోవాలి. పైన పలుచని గుడ్డ కప్పితే బయటి దృశ్యాలు భయపెట్టవు. క్లినిక్‌లో దాన్ని నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టాలి, ఎందుకంటే నేల మీద ఉంటే ప్రతి కుక్కా వచ్చి వాసన చూస్తుంది. వేసవిలో ఉదయం తొలి సమయం అడిగి తీసుకోవడం ఎండకూ రద్దీకీ కూడా మందు.

ఇంత చేసినా వణికిపోయే పిల్లులకు, ఇంటి దగ్గర బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు ఇచ్చే గాబాపెంటిన్ అనే భయం తగ్గించే మందును ఇప్పుడు చాలామంది వైద్యులు రాస్తున్నారు. ఆ మోతాదు బరువునూ మూత్రపిండాల స్థితినీ బట్టి మారుతుంది గనుక మెడికల్ షాపులో అడిగి వేయాల్సినది కాదు. ఆ మాటకొస్తే మనుషుల మందులు పిల్లుల దగ్గరికి రానివ్వకపోవడమే మేలు. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే యంత్రాంగం పిల్లి కాలేయానికి చాలా తక్కువ, 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి దాని ప్రాణం తీయగలదు. మెడ వెనుక చర్మం పట్టుకుని వేలాడదీసి లొంగదీసే పాత పద్ధతిని, అమెరికాకు, బ్రిటన్‌కు చెందిన పిల్లుల వైద్య సంఘాలు కలిసి 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు వద్దంటున్నాయి. తువ్వాలు చుట్టి, కావాల్సిన భాగం మాత్రమే బయటికి తీసి చూసే వైద్యుడు దొరికితే, క్లినిక్ కాస్త దూరమైనా వదులుకోకూడదు.

టీకాల సంగతి క్లుప్తంగా. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల తేడాతో పదహారు వారాలు దాటేదాకా మూడు జబ్బుల టీకా వేస్తారు. క్లినిక్‌లలో ట్రైక్యాట్ అంటే అదే. ఆ మూడు జబ్బుల్లో ఒకటైన పాన్‌ల్యూకోపీనియాను తెచ్చే వైరస్ నెలల తరబడి బతికి చెప్పులకు అంటుకుని ఇంట్లోకి రాగలదు కాబట్టి గడప దాటని పిల్లికీ ఈ టీకా తప్పదు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలవుతుంది, ఆ జబ్బు సోకితే చికిత్స లేదు గనుక మన దేశంలో దాన్ని ఏటా వేయించడంలో బేరం ఉండకూడదు. పెద్ద పిల్లికి ట్రైక్యాట్ ఏటా కావాలా, మూడేళ్లకోసారి చాలా అన్నది దాని జీవన విధానాన్ని బట్టి వైద్యుడు తేల్చాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఈ ఏడాది టీకా లేదు కాబట్టి పరీక్ష కూడా లేదనుకోవడం.

వైద్యుడు మేత గురించి అడిగినప్పుడు మొహమాటపడకుండా చెప్పడం చాలా అవసరం, ముఖ్యంగా శాకాహార కుటుంబాల్లో. పెరుగన్నం, పాలతో పెరిగే పిల్లులు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. అవి పెరట్లో ఎలుకను, పిట్టను పట్టుకున్నన్నాళ్లు మాంసం లోటు తీరిపోయేది. ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఆ వీలు లేదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తగినంత తయారుచేసుకోలేదు, అది మాంసం నుంచే రావాలి. అది లోపిస్తే కంటి చూపూ గుండె కండరమూ దెబ్బతింటాయి. ఈ లోపం వల్ల గుండె సాగిపోతుందని, టారిన్ ఇస్తే కోలుకుంటుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ పరిశోధకులు 1987లో తేల్చాక పిల్లుల మేత తయారీదారులు దాని మోతాదు పెంచారు. ఇంటి వంటకు ఆ సవరణ ఎవరూ చేయరు.

ఎక్కడికి తీసుకెళ్లాలన్నది ఊరిని బట్టి మారుతుంది. మండల కేంద్రాల్లోని పశువైద్యశాలలు పాడిపశువులు, మేకలు, గొర్రెల కోసం ఏర్పడ్డవి. అక్కడ తూకం కాటా క్వింటాళ్లకు పనికొస్తుంది గానీ గ్రాములకు పనికిరాదు. అయినా టీకాకూ నులిపురుగుల మందుకూ అవి అక్కరకొస్తాయి, తూకాన్ని వంటింటి కాటా మీదో, కిరాణా కొట్టులోనో వేసి రాసుకుని వెళ్లవచ్చు. స్కానింగ్, దంత చికిత్స వంటివి కావాలంటే హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల వంటివీ, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల క్లినిక్‌లూ ఉన్నాయి, నగరాల్లో ప్రైవేటు క్లినిక్‌లకు కొదవ లేదు. ఇంటికే వచ్చే వైద్యులు భయస్తురాలైన పిల్లికి వరమే, అయితే సోఫా మీద రక్తపోటు కొలవగలరు గానీ ఎక్స్‌రే తీయలేరు. మగపిల్లి మూత్రం కోసం పదేపదే ముక్కుతూ చుక్క రాకపోతే మాత్రం అది రాబోయే పరీక్ష తేదీదాకానే కాదు, తెల్లారేదాకా కూడా ఆగే విషయం కాదు. మూత్రనాళం మూసుకుపోయిన పిల్లి ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు.

ఇంట్లో రెండు పిల్లులుంటే తిరిగి వచ్చాక కూడా కొంత పని మిగిలే ఉంటుంది. క్లినిక్ మందుల వాసన అంటిన పిల్లిని ఇంట్లో ఉన్నది గుర్తుపట్టక బుసకొడుతుంది, అప్పటిదాకా ఒకే గిన్నెలో తిన్నవి కూడా కొట్టుకుంటాయి. వచ్చినదాన్ని క్యారియర్‌తో సహా వేరే గదిలో కొన్ని గంటలు ఉంచి, ఒంటిని నాక్కుని తన వాసన తాను తెచ్చుకున్నాక కలిపితే గొడవ సద్దుమణుగుతుంది. కుదిరితే రెండింటినీ ఒకే రోజు తీసుకెళ్లడం ఇంకా సులువు.